బెర్లిను నగరమున క్రొత్త కాపురము

దూరదేశమునకు పోవుట వేరు, దూరదేశమున కాపురముండుట వేరు. పోయి చూచి వచ్చినవారు కోటలను గూర్చి, చిత్రశాలలను గూర్చి, నదీతీరములను గూర్చి చెప్పుదురు. కాపురమున్నవారికి ఈ వినోదములతో అంత పని యుండదు. పాలు ఎచ్చట దొరకును, చెత్త ఏ తొట్టిలో వేయవలెను, అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వచ్చినచో ఎవరిని పిలువవలెను అనునవే వారి ప్రశ్నలు. యాత్రాగ్రంథములలో వీనికి సమాధానములు కానరావు. నేటి ప్రసంగమున ఈ చిన్న సంగతులను గూర్చియే ముచ్చటింపదలచితిని.

తెలుగువారికి పరదేశవాసము క్రొత్తది కాదు. ఒకప్పుడు విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి పొగయోడలలో వేలకొలది జనులు రంగూనునకు పోయిరి. అచ్చట మన భాషవారు గుంపులుగా నుండిరి కావున, క్రొత్తగా దిగినవానికి ముందుగా పోయినవాడు దారి చూపెడివాడు. నేడు ఒంటరిగా, ఒక పెట్టెతో, ఎరిగినవారెవరును లేని నగరమున దిగు యువతీయువకులు పెక్కుమంది. ఇటీవలి సంవత్సరములలో చదువు కొరకును, ఇంజనీరింగు కొలువుల కొరకును, కంప్యూటరు పనుల కొరకును జర్మనీకి పోవుట హెచ్చినది. బెర్లినులోని ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పెక్కు చదువులకు బోధనరుసుము లేకపోవుట ఇందుకొక కారణము. శ్రోతలలో కొందరి బిడ్డలు ఈ దినమున ఆ నగరముననే యుండవచ్చును. కావున బెర్లినునే ఉదాహరణముగా గైకొందము.

అచ్చట దిగినవానికి అన్నిటికంటె ముందు కావలసినది చిరునామా. ఇంట ప్రవేశించిన 14 దినములలోపల పౌరకార్యాలయమునకు పోయి తన పేరు నమోదు చేయించుకొనవలెనని చట్టము. దీనిని వారు అన్మెల్డుంగ్ అందురు. ఇంటి యజమాని ‘ఫలానా వ్యక్తి ఫలానా తేదీని నా యింట ప్రవేశించెను’ అని వ్రాసియిచ్చిన పత్రమును గూడ చూపవలెనను నిబంధన 2015 నవంబరునుండి అమలున నున్నది. ఈ నమోదు జరిగిన పిమ్మట పన్నుసంఖ్య తపాలాలో వచ్చును. ఆ సంఖ్య లేనంతవరకు జీతమునుండి అన్నిటికంటె హెచ్చు తరగతి పన్నును మినహాయింతురు. బ్యాంకులో ఖాతా తెరవబోయిన చిరునామా ఏదని యడుగుదురు. ఇల్లు అద్దెకు కావలెనన్న, మూడు నెలల జీతపు చీటీలు చూపుమందురు. పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లియైనగాని పిచ్చి కుదరదు అను మన సామెత ఇచ్చట అక్షరాల చెల్లును.

ఈ చక్రమునుండి బయటపడుటకు అనుభవజ్ఞులు చెప్పు ఉపాయము ఒక్కటే. మొదట కొన్ని నెలలకు తాత్కాలికమైన గది తీసికొనునపుడే, ‘ఈ చిరునామాపై నమోదునకు పత్రమిత్తురా?’ అని అడిగి తెలిసికొనవలెను. పత్రమీయని గది ఎంత చౌకయైనను చౌక కాదు. ఇల్లు కంటితో చూడకముందే సొమ్ము పంపుమని కోరువానిని నమ్మరాదు. బెర్లినులో ఇండ్ల కరవు మిక్కుటము. కరవున్నచోట మోసముండుట ఏ దేశమందైనను సహజమే.

ఇల్లు దొరకిన తరువాత ఒక వింత. మన పట్టణములలో వలె అచ్చటి భవనములలో ఒక్కొక్క వాటాకు సంఖ్య యుండుట అరుదు. వీథిపేరు, భవనసంఖ్య, అటుపిమ్మట మనుష్యుని పేరు, అంతియే. గుమ్మము ప్రక్కనున్న గంటల వరుసలోను, క్రిందనున్న తపాలాపెట్టెలపైనను పేరు అంటించుకొననిచో ఉత్తరము వచ్చిన దారినే తిరిగిపోవును. పొయ్యి వెలిగించుటకంటె, పాలు పొంగించుటకంటె ముందుగా గృహస్థు చేయవలసిన పని తన పేరు వ్రాసి అంటించుటయే.

ఏ పేరు వ్రాయవలెననునది మనవారికి మరియొక చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, పిలుచు పేరు వెనుక. వారికి వంశనామము వెనుక. కార్యాలయములలో, వైద్యుని యింట, పాఠశాలలో వారు పిలుచునది ఆ వంశనామముతోనే. మన ఊరిలో బడిపట్టికలో తప్ప ఎవరి నోటను వినబడని ఇంటిపేరు ఒక్కసారిగా మనుష్యుని పేరైపోవును. గుమ్మడివారి అబ్బాయి అచ్చట ‘శ్రీ గుమ్మడి’ యగును. తన్ను పిలుచుచున్నారని తెలిసికొనుటకే అతనికి కొంతకాలము పట్టును. పెండ్లియైనను పాసుపోర్టులో పుట్టింటిపేరే నిలుపుకొన్న భార్య పేరు, భర్త పేరు వేరువేరుగా నుండును గదా. కావున గంటపై రెండు పేర్లును వ్రాయవలెను. లేనిచో ఆమె ఉత్తరములు ఆమెకు చేరవు. చిన్న సంగతియే కాని, పరాయి నగరమున తన పేర వచ్చు ఉత్తరము తనకు చేరుట మనుష్యునికి కొంత ధైర్యమునిచ్చును.

ఉత్తరములని తేలికగా అంటిని కాని, ఆ దేశమున రాజ్యాంగ వ్యవహారములన్నియు నేటికిని పెక్కుపాళ్లు ఉత్తరములతోనే నడచుచున్నవి. పసుపుపచ్చని కవరులో వచ్చు ఉత్తరమును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. దానిపై అందజేసిన తేదీని తపాలా ఉద్యోగి వ్రాయును. ఆ తేదీనుండియే జవాబునకు గడువు లెక్కింతురు. భాష తెలియదని కవరు విప్పక బల్లపై పెట్టినంతమాత్రమున గడువు ఆగదు.

ఇక ఇల్లు. ఇంటి బాడుగను వారు ‘చల్లని అద్దె’, ‘వెచ్చని అద్దె’ అని రెండు విధములుగా చెప్పుదురు. మొదటిది కేవలము గదుల వెల. రెండవది ఇల్లు వెచ్చజేయుట, నీరు, మెట్లు తుడుచుట మొదలగు ఖర్చులను చేర్చినది. బయానాగా మూడు నెలల చల్లని అద్దెకు మించి పుచ్చుకొనరాదని చట్టము. పెక్కు ఇండ్లలో వంటగదియనగా నాలుగు గోడలు, ఒక కొళాయి మాత్రమే. పొయ్యి, అలమరలు, కడుగు తొట్టి సైతము పాత కాపురస్థులు తీసికొనిపోవుటయు, కప్పునుండి దీపము లేని తీగలు మాత్రము వ్రేలాడుచుండుటయు కలదు. నగరములోని పాత భవనములు వీథివైపు ఒక భాగము, లోపలి ముంగిలి దాటి వెనుకవైపు మరియొక భాగముగా నుండును. 1853 నాటి కట్టడపు నిబంధనల ప్రకారము ఆ ముంగిలి 5.34 మీటర్ల చదరమున్న చాలును. మంటలార్పు బండి తిరుగుటకు ఆ మేర సరిపోవునని ఆనాటి లెక్క. వెనుకభాగపు క్రింది గదులలో పగలును దీపము కావలసివచ్చుట ఆ లెక్క ఫలితమే.

మన గృహిణులకు అచ్చట మొదట తోచని విషయము నేల. వంటింటను, పెక్కు స్నానపు గదులలోను నీరు పోవుటకు నేలపై తూము ఉండదు. బకెట్టుతో నీళ్లు చల్లి కడుగు అలవాటు అచ్చట పనికిరాదు. కొయ్యపలకల నేల ఉబ్బును, క్రింది వాటావారి కప్పు తడియును. చలికాలమున మరియొక చిక్కు. చలికి జడిసి కిటికీలన్నియు బిగించి, లోపల అన్నము వండి, చారు కాచి, బట్టలు ఆరవేసినచో ఆవిరి గోడలపై చేరి నల్లని బూజు పట్టును. ఇల్లు విడుచునపుడు యజమాని బయానాలో కోత పెట్టుటకు ఇది తగిన కారణమగును. దినమునకు రెండుమూడు పర్యాయములు కిటికీలు పూర్తిగ తెరచి, ఐదు పది నిమిషములు గాలి పారనిచ్చి మరల మూయుట అచ్చటివారి ఆచారము. చలిలో కిటికీ తెరచుట మొదట వెర్రిగా తోచును గాని, అది ఆ గోడలకు తగిన విధి.

శబ్దమును గూర్చియు కొంత చెప్పవలెను. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకును, ఆదివారములందు, సెలవు దినములందు పగలెల్లను ఇరుగుపొరుగులకు భంగము కలిగించు చప్పుడు చేయరాదు. రోటిపచ్చడి దంచుట, మిక్సీ తిప్పుట, గోడకు మేకు కొట్టుట శనివారమునాడే ముగించుకొనుట మంచిది. గాజుసీసాలను సైతము ఆదివారమునాడు వీథి తొట్టెలలో వేయరాదు. ఇంకను ఆదివారమున అంగళ్లుండవు. జర్మనీ 1949 నాటి రాజ్యాంగము, 1919 నాటి వైమరు రాజ్యాంగమునుండి ఒక నిబంధనను అట్లే స్వీకరించి, ఆదివారమును విశ్రాంతిదినముగా కాపాడుచున్నది. పెద్ద రైల్వేస్టేషనులలోని కొన్ని దుకాణములు తప్ప తక్కిన సరుకుల కొట్లు మూసియుండును. శనివారము సాయంకాలము పెరుగు తోడునకు పాలు తెచ్చుకొననివారు సోమవారము ఉదయమువరకు వేచియుండవలసినదే. మొదట ఇది కష్టముగా తోచును. కొన్నాళ్లకు ఆ నిశ్శబ్ద దినముననే పిల్లలతో ఉద్యానములకు పోవుట, సరస్సు తీరమున నడచుట అలవాటగును. 2008లో మూతపడిన టెంపెల్‌హోఫు విమానాశ్రయపు మైదానమును 2010లో ప్రజలకు విడిచిపెట్టిరి. విమానములు దిగిన బాటపై నేడు పిల్లలు సైకిళ్లు త్రొక్కుచున్నారు.

కూరగాయల మాట వచ్చినచో కథ కొంత వెనుకకు పోవలెను. మంగళ, శుక్రవారములందు మైబాకుఫరు అను కాలువ గట్టున జరుగు సంతలో కొత్తిమీర కట్టలు, పచ్చిమిరప, వంకాయలు, బెండకాయలు రాశులుగా పోసియుండును. అమ్మువారిలో పెక్కుమంది తురుష్కదేశ సంతతివారు. వీరు ఎట్లు వచ్చిరి? 1961 ఆగస్టులో బెర్లిను నడుమ గోడ లేచినది. తూర్పునుండి దినదినము పనికి వచ్చు జనము ఒక్క రాత్రిలో ఆగిపోయినది. ఆ సంవత్సరమే అక్టోబరు 30వ తేదీని పశ్చిమ జర్మనీ తురుష్కదేశముతో పనివారి ఒప్పందము చేసికొన్నది. పురుషులే కాదు, స్త్రీలును ఒంటరిగా వచ్చిరి. మన పెద్దలు గొప్పగా చెప్పుకొనిన టెలిఫుంకెను రేడియోలకు వాల్వులు కూర్చిన చేతులలో ఆ స్త్రీల చేతులును గలవు.

వారిని ‘అతిథి కార్మికులు’ అనిరి. అతిథియనగా ఒకనాడు పోవలసినవాడు. రెండేండ్లలో పంపివేయుదమని ప్రభుత్వమనుకొన్నది. సొమ్ము కూడబెట్టుకొని పోవుదమని వారును అనుకొనిరి. పోవువానికి భాష నేర్పనేల అని వీరును, పోవువారమైన మాకు భాషయేల అని వారును ఉపేక్షించిరి. 1973లో క్రొత్తవారిని పిలుచుట ఆగినది. ఇక పోయిన మరల రానీయరను శంకతో వచ్చినవారు నిలిచిపోయి, భార్యాబిడ్డలను పిలిపించుకొనిరి. ఐనను ‘వచ్చే యేడు పోదము’ అను మాట ముప్పది నలువది సంవత్సరములు సాగినది. స్వదేశమున ఇల్లు కట్టి తాళము వేసి, ఇచ్చట చవుక సామానుతో కాలము గడపిన కుటుంబములు పెక్కు. అచ్చట పుట్టిన విదేశీయుల బిడ్డలకు పుట్టుకచేతనే పౌరసత్వము లభించుటకు 2000వ సంవత్సరపు చట్టము రావలసివచ్చినది. క్రొత్తగా వచ్చినవారికి 600 గంటల భాషాబోధన ఏర్పాటు 2005లో గాని జరుగలేదు.

గోడకు తూర్పువైపున మరియొక కథ. 1980నాటి ఒప్పందము మేరకు వియత్నామునుండి పనివారు వచ్చిరి. 1989 నాటికి తూర్పు జర్మనీలో వారి సంఖ్య 60 వేలకు చేరువైనది. వారిని ప్రత్యేకమైన వసతిగృహములలో నుంచిరి. అచ్చటి జనులతో కలిసిమెలిసి యుండుటకు వీలు తక్కువ. గోడ కూలిన పిమ్మట కర్మాగారములు మూతపడి వారి కొలువులు పోయినవి. పలువురు పూలు, కూరగాయలు అమ్మి నిలదొక్కుకొనిరి. లిక్టెన్‌బెర్గు పేటలో మూతపడిన కర్మాగారపు స్థలమున వారు నెలకొల్పిన పెద్ద అంగడిలో నేడు మన గృహిణులు తమకు కావలసిన ఆకులు, కాయలు వెదకికొనుచున్నారు. ముందు వచ్చినవారు ఎన్నో కష్టములకోర్చి వేసిన బాటపై వెనుక వచ్చినవారు నడచుచున్నారని మరువరాదు.

ఈ చరిత్ర చెప్పుటకు కారణమున్నది. మన బిడ్డలలో పెక్కుమంది ‘రెండు మూడేండ్లు ఉండి వచ్చెదము’ అని పోవుదురు. వచ్చినను మంచిదే, నిలిచినను మంచిదే. కాని ఉన్నన్నినాళ్లు సగము మనస్సుతో నుండుట మంచిది కాదు. కార్యాలయమున ఇంగ్లీషుతో పని జరుగును, ఇంట తెలుగు, సెల్‌ఫోనులో మన సినిమాలు, మన వార్తలు. దేహమక్కడ, చెవి ఇక్కడ. ఈ విధముగా ఐదేండ్లు గడచినను, పైవాటాలోని ముసలమ్మతో రెండు మాటలాడలేని స్థితి కలుగును. తురుష్కదేశపు వృద్ధులు కొందరు నేటికిని వైద్యుని కడకు పోవలెనన్న మనుమని వెంటబెట్టుకొని పోవలసివచ్చుచున్నది. అది వారి తెలివి లోపము కాదు. నేర్వవలసిన కాలమున నేర్చుకొనుటకు ఎవరును అవకాశమీయలేదు, తామును అవసరమనుకొనలేదు.

అందరికంటె ఎక్కువ కష్టపడునది ఉద్యోగస్థుని వెంట వచ్చిన భార్య, లేదా ఉద్యోగినియైన భార్య వెంట వచ్చిన భర్త. ఇచ్చట డిగ్రీ చదివి, బ్యాంకులోనో పాఠశాలలోనో పని చేసి, నలుగురికి సలహా చెప్పిన స్త్రీ అచ్చట అంగడిలో ఉప్పేది, పంచదారయేదో తెలియక నిలుచును. భర్తకు కార్యాలయమున స్నేహితులున్నారు. ఆమెకు కిటికీ యున్నది. ఆమె ఫోనులో తల్లితో ‘బాగున్నాను’ అనును. ఆ మాటలో ఎంత నిజమున్నదో తల్లి ఊహించుకొనవలెను. ఆమె భాష నేర్చుటకు పోవు గంటలను కుటుంబము ఖర్చుగా నెంచరాదు. ఇంటి అద్దె వలె, బియ్యము వలె అదియును కాపురమునకు తప్పనిసరి వ్యయమే.

భాష కష్టమనుట నిజమే కాని, తెలుగువారికి కొన్ని సౌకర్యములున్నవి. ‘నీవు’, ‘మీరు’ అను భేదము మనకు పాలతో వచ్చినది. జర్మనులకును అట్టిదే కలదు. ఎవరిని ఎట్లు పిలువవలెనను సంకోచము మనకును వారికిని సమానము. ఉపవాక్యములలో క్రియ వాక్యము చివరకు పోవుట ఇంగ్లీషువారికి వింత, మనకు కాదు. చిక్కులును గలవు. ఇరువదియొకటిని వారు ‘ఒకటియు ఇరువదియు’ అందురు. ఫోను సంఖ్య వ్రాసికొనునపుడు అంకెలు తారుమారగును. మనము ఏడున్నర యందుము. అదే సమయమును వారు ‘సగము ఎనిమిది’ యందురు. ఎనిమిదింబావును బెర్లినువారు ‘పావు తొమ్మిది’ యనుటయు కలదు. గడచిన గంటను బట్టి మనము లెక్కింతుము, నడచుచున్న గంటను బట్టి వారు లెక్కింతురు. సగము ఎనిమిదిని ఎనిమిదిన్నర యనుకొనినచో వైద్యుని దర్శనము తప్పిపోవును.

భాష నేర్చుటకు రేడియో చేయు సాయమును ఈ పత్రిక పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. ముఖము, సైగ కానరావు కావున చెవి పదునెక్కును. డాయిషే వెల్లె అను సంస్థ, నేర్చుకొనువారికొరకు వార్తలను నెమ్మదిగా చదివి వినిపించుట అనేకులకు ఉపకరించినది. బెర్లినులో రేడియోకు పెద్ద చరిత్ర కలదు. హాన్స్ పోయెల్‌ట్సిగ్ అను శిల్పి నిర్మించిన ప్రసారభవనము 1931లో తెరవబడి, నేటికిని ప్రసారములకు ఉపయోగపడుచున్నది. 1942లో సుభాసుచంద్రబోసు తన దేశీయులను ఉద్దేశించి మాటలాడినదియు ఆ నగరమునుండియే. క్రొత్త కాపురస్థునికి నమోదు జరిగిన కొన్ని వారములకు ప్రసార రుసుము కట్టుమని ఉత్తరము వచ్చును. 2013నుండి ఇంట రేడియో యున్నను లేకున్నను ప్రతి కుటుంబము ఈ రుసుము చెల్లింపవలెను. 2021లో ఇది నెలకు 18.36 యూరోలుగా నిర్ణయింపబడినది. ‘మాయింట రేడియో లేదు’ అని తప్పించుకొనుటకు వీలు లేదు. సొమ్ము ఎటులైనను కట్టక తప్పదు కావున, విని భాష నేర్చుకొనుట లాభము.

చలికాలమును గూర్చి చెప్పక ముగింపరాదు. విజయవాడ భూమధ్యరేఖకు 16 డిగ్రీలు, బెర్లిను 52 డిగ్రీలు ఉత్తరమున నున్నవి. డిసెంబరున సూర్యుడు ఎనిమిదింబావునకు ఉదయించి నాలుగు గంటలకు కొంచెము ముందుగనే అస్తమించును. కొలువునకు పోవునపుడు చీకటి, వచ్చునపుడు చీకటి. మంచుకంటె ఈ చీకటియే మనవారిని క్రుంగదీయును. నిద్ర చాలకపోవుట, ఎవరితోను మాటలాడ మనసొప్పకపోవుట సంభవించినచో అది సోమరితనమని తిట్టరాదు. పగటి వెలుగున్న అరగంటయైన బయట నడువవలెను. అట్లును తీరనిచో వైద్యునితో చెప్పుటకు సిగ్గుపడరాదు. ఆ దేశమున ఆరోగ్యబీమా ప్రతివానికి తప్పనిసరి కావున వైద్యుని దర్శనమునకు ఖర్చు బాధ తక్కువ. ప్రాణాపాయమునకు 112, రాత్రివేళ కలుగు సాధారణ జబ్బులకు 116117 అను ఫోను సంఖ్యలను తలుపు వెనుక వ్రాసి యుంచుకొనుట మంచిది. జూనులోనైతే రాత్రి తొమ్మిదిన్నర వరకును సూర్యుడుండును. చీకటిలో పోగొట్టుకొన్నదంతయు అపుడు తిరిగివచ్చినట్లుండును.

ఇచ్చట నున్న తల్లిదండ్రులకు ఒక మనవి. మనకు అచ్చటికి చలికాలమున నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు తేడా. మన రాత్రి భోజనవేళకు వారు ఇంకను పనిలో నుందురు. ఫోను చేసినపుడు ‘ఎంత మిగిల్చితివి? ఎప్పుడు వచ్చెదవు?’ అను రెండు ప్రశ్నలే అడిగినచో, బిడ్డ ఆ రెండింటికే జవాబు చెప్పును. ‘మీ వీథిలో చెట్లున్నవా? ప్రక్కింటివారి పేరేమి? ఈ వారము క్రొత్తమాట ఏమి నేర్చితివి?’ అని అడిగిచూడుడు. ప్రక్కింటివారి పేరు తెలియదనినచో బిడ్డ ఇంకను ప్రయాణములోనే యున్నాడని గ్రహింపుడు. మనుమలు జర్మనులో మాటలాడుచున్నారని నొచ్చుకొనవలదు. బడిలో ఆ భాష, ఇంట తెలుగు, రెండును బిడ్డ మోయగలడు. కాని తండ్రి పన్ను కాగితములకు, తల్లి జబ్బునకు బిడ్డను దుబాసిగా నిలబెట్టుట మాత్రము తగదు. పెద్దల చింతలు పిల్లల చెవులలో పడుట ఏ భాషలోనైనను బరువే.

బెర్లినున చదివి వచ్చిన భారతీయులలో గొప్పవారున్నారు. హైదరాబాదున పుట్టిన జాకిర్ హుస్సేను 1926లో అచ్చట డాక్టరు పట్టము పొందినవాడు, 1967లో మన రాష్ట్రపతి యైనవాడు. రామమనోహర లోహియా కూడ ఆ విశ్వవిద్యాలయముననే పరిశోధించినవాడు. ఐతే అందరును అంతటివారు కానక్కరలేదు. పేరు ప్రతిష్ఠలు లేకుండగనే మర్యాదగా, ఆరోగ్యముగా, నలుగురితో కలసి బ్రదుకుట చిన్నపని కాదు.

బెర్లినులో ఒక ఆచారమున్నది. తపాలా పొట్లము వచ్చినపుడు ఇంట మనిషి లేనిచో పొరుగువారికి ఇచ్చిపోవుదురు. పెట్టెలో ఒక చీటీ మాత్రముండును: మీ పొట్లము రెండవ అంతస్థున ఫలానా వారింట నున్నది. ఆ చీటీ పట్టుకొని పోయి తలుపు తట్టుటయే పలువురు క్రొత్తవారికి మొదటి పరిచయము. వీరు వారి పొట్లము తీసికొందురు, వారు వీరి పొట్లము తీసికొందురు. పండుగనాడు ఒక పళ్లెముతో పులిహోర మేడ దిగును. క్రిస్మసునాడు తీపి రొట్టె మేడ ఎక్కును. ఇట్లు ఏడాదో రెండేండ్లో గడచిన పిమ్మట వేసవిసెలవులకు ఊరు పోవుచు ఆ పొరుగావిడ వచ్చి, ‘నా పూలమొక్కలకు వారమునకు రెండుమార్లు నీరు పోయుదురా?’ అని తన ఇంటి తాళపుచెవి చేతిలో పెట్టును. ఆ చెవిని ఏ మేకునకు తగిలింతుమా యని గోడవైపు చూచు దినమున ఆ కాపురము అచ్చట కుదిరినదని చెప్పవచ్చును.